చర్చి ముందు కొత్త తారు

మొగుడి తెలివి మీద నవోమికి ఏనాడూ భ్రమల్లేవు. డాలస్‌లో ఒక రోడ్ల ల్యాబ్‌లో ఇంజనీరు ఆ మొగుడు, దైవాశీర్వాదం. ఇళ్ళ పైకప్పుల నుంచి ఊడదీసిన షింగిల్స్‌ని, అంటే తారు పట్టించిన పెంకుల్ని, నూరి రోడ్డు తారులో కలుపుతామని ఎవరొచ్చినా, "చెత్తతో రోడ్డేస్తారా!" అని చీదరించుకుని, ఒక్క టెస్టైనా చేయకుండా పంపేసేవాడు.

ఎనభై ఆరులో వాళ్ళ తెలుగు చర్చి పార్కింగ్‌కి కొత్త తారు వేయించారు. దైవాశీర్వాదం దాన్ని బూటుకాలితో తొక్కి చూశాడు.

"రోడ్డంటే ఇదీ!"

"మన చర్చి పాత షింగిల్సేనండీ, నూరి కలిపారు," అన్నారు పాస్టరుగారు.

మరుసటి ఆదివారం నుంచీ ఆ మహానుభావుడు కారు వీధి చివర ఆపి, ఆ తారు మీద కాలు పెట్టకుండా పక్కనున్న బురదలో నడిచి ప్రార్థనకు రావడం మొదలుపెట్టాడు. నవోమి చర్చి గుమ్మంలోనే ఆపేసింది.

"బూట్లు బయట విప్పండి. చెత్త లోపలికి తేకండి."