తడి గోతం వెనకాల ట్రాక్టరు

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తానికీ ట్రాక్టరు ఒక్కటే ఉండేది, అది మా పక్కింటి మావయ్యది. చుట్టరికం ఏమీ లేదు, అయినా పిల్లలందరికీ ఆయన మావయ్యే. రోజూ బండి తీసే ముందు చుట్టూ తిరిగి ప్రతి టైరునీ అరచేత్తో తడిమి చూసేవారు. ముల్లు తగిలితే పటకారుతో లాగి పారేసేవారు. అదయ్యాక గానీ సీటెక్కేవారు కాదు. "ఏంటన్నయ్యా, టైర్లకి నలుగు పెడుతున్నావా?" అని మా అమ్మ ఏడిపించేది. ఆయన నవ్వుతూ తర్వాతి టైరు తడిమేవారు. అదొక చాదస్తమని మేమందరం అనుకునేవాళ్లం.

మాది దివిసీమలో సముద్రం వైపు చివరనున్న పల్లె. అవనిగడ్డ రోడ్డెక్కాలంటే పొలాల మధ్య నుంచి వెళ్లే మట్టి డొంక ఒక్కటే దారి. ఒక పక్క పంట కాలవ, రెండో పక్క వరిచేలు.

వరి పొట్ట మీదున్న రోజుల్లో తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. మధ్యాహ్నానికి సముద్రం హోరు మా వంటింట్లోకే వినపడసాగింది. నడవగలిగినవాళ్లు పశువులను తోలుకుని ముందే వెళ్లిపోయారు. నాన్న కూడా వాళ్లతోనే వెళ్లాడు. ముసలివాళ్లను, చిన్నపిల్లలను, వాళ్ల తల్లులను మావయ్య ట్రాక్టరు వెనక ట్రక్కులో ఎక్కించారు. మంచం పట్టిన మా నాయనమ్మను మంచంతో సహా పైకి లేపారు. ఆవిడ కళ్లు మూసుకుని "ప్రభువా, ప్రభువా" అంటుంటే, నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది.

డొంక మొదట్లోనే మావయ్య బండి ఆపేశారు. గేదెలు చేలో పడకుండా మా వైపు రైతులు గట్ల మొదట్లో సర్కారు తుమ్మ కంప అడ్డం పెడతారు. పశువులను మెరకకు తోలే తొందరలో మా ఊరివాళ్లే ఆ కంపను లాగి డొంకలో పడేశారు. గాలి దాన్ని దారి పొడుగునా విరజిమ్మింది. కొమ్మలైతే కనపడుతున్నాయి గానీ, బురదలో దిగిన ముళ్లు కంటికి ఆనడం లేదు.

"పోనియ్యి మావయ్యా! ముల్లుకి భయపడి మమ్మల్ని ముంచేత్తావా ఏంటి?" అని చంటిబిడ్డ తల్లి ఒకావిడ అరిచింది. అందరూ అరిచారు, నేనూ ఏడ్చాను. కాలవ నీళ్లు గట్టు అంచును తాకుతున్నాయి. ఆ క్షణంలో మావయ్యంటే నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మావయ్య ట్రక్కులోంచి రెండు ఖాళీ గోతాలు తీశారు. వాటిని కాలవలో ముంచి, బరువు కోసం లోపల మట్టి పెళ్లలు వేసి తాళ్లు కట్టారు. ఒక తాడు అమ్మకు, ఒకటి ఆ అరిచినావిడకు ఇచ్చారు.

"చక్రాలు పోయే జాడలో వీటిని ఈడ్చుకుంటా నడవండమ్మా. ముల్లు తడి గోనెకి పట్టుకుంటది. ఇక్కడ గాలి పోయిందంటే ఈ బురదలో జాకీ నిలవదు. పెద్దామెని ఎవరం మొయ్యగలం?"

ఆవిడ చంటిబిడ్డను నా ఒళ్లో పెట్టి దిగింది. వాళ్లిద్దరూ ముందు నడుస్తుంటే ట్రాక్టరు వెనకాల పాకినట్టు కదిలింది. కొమ్మ అడ్డం వస్తే మావయ్య దిగి పంగలకర్రతో తోసేవారు. గోతాలు ముళ్లతో నిండితే దులిపి మళ్లీ ఈడ్చేవాళ్లు. తాటిచెట్లు నేలకు వంగి లేస్తున్నాయి. నాయనమ్మ ప్రార్థన ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. పలకరించడానికి భయమేసి, ఆవిడ చెయ్యి మాత్రం గట్టిగా నొక్కాను. ఆవిడా నొక్కింది.

తూము దగ్గర నీళ్లు డొంక మీదుగా పారుతున్నాయి. అక్కడ గోతం నిలవలేదు, తేలిపోయింది. మావయ్య చెప్పులు విప్పేసి, చక్రాల జాడలో రెండు వైపులా ఉత్త కాళ్లతో తడుముకుంటూ అటు చివరిదాకా నడిచి వచ్చారు. తిరిగొచ్చాక అరికాల్లోంచి ముల్లు లాక్కుని, ఏమీ కానట్టు సీటెక్కారు.

చీకటి పడకముందే అవనిగడ్డలో బడికి చేరాం. నాన్న గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. నాయనమ్మను దించాక ఎవరో మావయ్యకు టీ ఇచ్చారు. ఆయన చేతిలో గ్లాసు నిలవలేదు. టీ అంతా చొక్కా మీద ఒలికిపోయింది. అంత పెద్దమనిషి చేతులు అలా వణకడం నేను ఎన్నడూ చూడలేదు.

"నీక్కూడా భయమేసిందా మావయ్యా?" అని అడిగాను.

"వెయ్యకపోతే అంత మెల్లగా ఎందుకొత్తానే, పిచ్చిదానా!" అన్నారు.

తెల్లారేసరికి మా డొంక డొంకంతా నీళ్ల కింద ఉంది. మధ్యలో ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో ఈ వయసులోనూ పూర్తిగా తలచుకోలేను, సగంలోనే ఆపేస్తాను. నా భయం పోలేదు, పోవాలని కోరుకోవడమూ మానేశాను. ఆసుపత్రి వరండాల్లో, పిల్లల ఫోను రాని సాయంత్రాల్లో చేతులు వణుకుతూనే ఉంటాయి. కానీ పరుగెత్తను. ముందు కిందికి దిగి, నా వాళ్లు నడవాల్సిన దారి చూస్తాను.