అత్త ఆగిపోయిన వాక్యం

ఇంటర్ చదువు కోసం ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చి రెండేళ్లు మా మేనత్త దగ్గర ఉన్నాను. అత్త మా నాన్నకు అక్క. మామ పోయాక ఒక్కతే ఉంటూ జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోయేది. అక్షరం ముక్క రాదు. మా నాన్నేమో మగ్గం నేస్తూనే ఊళ్లో చర్చికి సంఘపెద్ద. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా మొదటి బహుమతి నాదే. బహుమతిగా వచ్చిన స్టీలు గిన్నెలన్నీ మా అమ్మ గూట్లో వరసగా పెట్టుకునేది. కాబట్టి దేవుని సంగతులు అత్తకు నేనే నేర్పాలని మనసులో అనుకునే వచ్చాను.

పొద్దున్నే రొట్టెలు కాల్చుకుంటూ అత్త నన్ను వాక్యం చదవమనేది. నేను గడగడా చదివేదాన్ని. పొయ్యి సెగకు ఆమె మొహం ఎర్రబడేది, తలకొంగులో నిన్నటి దూది పింజలు ఇంకా అంటుకునే ఉండేవి. ఇప్పటికీ జొన్నరొట్టె మాడిన వాసనొస్తే ఆ వంటిల్లే కళ్లముందుకొస్తుంది.

ఒకరోజు, దేవునికి కానుక తెచ్చినవాడు తన వల్ల నొచ్చుకున్న మనిషిని గుర్తు చేసుకుంటే, కానుక అక్కడే పెట్టి, ముందు పోయి ఆ మనిషితో సమాధానపడాలని ప్రభువు చెప్పిన చోటు వచ్చింది. అత్త చేతిలో రొట్టె ఆగిపోయింది.

"అది మళ్లీ సదువు పాపా," అన్నది.

మళ్లీ చదివాను. మర్నాడు కూడా అదే చదవమన్నది. ఆ మర్నాడూ అదే. నాకు విసుగొచ్చి, ఇట్లా అయితే అధ్యాయం ఎప్పటికి పూర్తవుతుందని అడిగాను. అత్త ఇంకో రొట్టె పెనం మీద వేసింది.

ఆదివారం ఇద్దరం ప్రార్థన గుడికి బయలుదేరాం. సందు మలుపు దాకా వచ్చాక అత్త నిలబడిపోయింది. నన్ను పొమ్మని, తాను వెనక్కి తిరిగింది. నాకు పోబుద్ధి కాక ఆమె వెంటే నడిచాను. అత్త పక్కింటి ముందు ఆగింది.

ఆ ఇంట్లో ఉండేది పరుపులు కుట్టే ఒక సాయిబు, ఆయన భార్య. నేను వచ్చినప్పటినుంచి ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఎందుకో అత్త చెప్తే ఆరోజే తెలిసింది. మూడేళ్ల కిందట మునిసిపాలిటీ కొళాయి దగ్గర బిందెల వరస కోసం అత్తకూ ఆమెకూ గొడవైందంట. కోపంలో అత్త, నీ నోటి పాపానికే నీ బిడ్డ నిలవలేదని ఆమెను అనేసిందంట. ఆమెకు పుట్టిన ఒక్క కూతురు జ్వరమొచ్చి పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

తలుపు తీసిన ఆమె అత్తను చూసి మళ్లీ వేసుకుంది. అత్త గుడికి పోలేదు. ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంది. నేను సర్ది చెప్పబోయాను. నువ్వు అడగడానికి పోయావు కదా, దేవుడు క్షమించేసి ఉంటాడులే అన్నాను. అంత సులభంగా తేల్చొద్దని అత్త తల అడ్డంగా ఊపింది. "ఆయమ్మ నొప్పి ఆయప్పకు తెలీదా పాపా? నాకే తెలీకపోయ," అన్నది. ఆయప్ప అంటే అత్త నోట దేవుడే.

రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం ఆమె తలుపు వేయలేదు. తలుపు మీద చెయ్యి పెట్టుకుని అత్తను చూసింది.

"నువ్వా మాట మర్సిపోయినావేమో అనుకుంటిని," అన్నది. "నేనొక్కదాన్నే మోస్తాండా అనుకుంటిని."

"మర్సలేదక్కా. తప్పు నాదే. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

ఆమె ఏడ్చింది. అత్త కూడా ఏడ్చింది. తరవాత ఆమె పక్కకు జరిగి, లోపలికి రమ్మని చాప పరిచింది. కూతురి గురించి మాట్లాడుకున్నారు. ఆ పాపకు నెమలి రంగు గాజులంటే ఇష్టమని, అన్నంలో బెల్లం కలిపితేగాని తినేది కాదని ఆమె చెప్తూనే ఉంది. అత్త వింటూనే ఉంది. నేను గడపలో కూర్చుని, నాకు కంఠతా వచ్చిన వాక్యాల్లో ఏ ఒక్కదాని కోసమైనా నేను ఒక్కడుగు వేశానా అని ఆలోచించాను. ఒక్కటీ తోచలేదు. సిగ్గేసింది.

ఆ ఎండాకాలం సెలవులకు ఎమ్మిగనూరు పోతే, ఎన్ని అధ్యాయాలు నేర్చుకున్నావని నాన్న అడిగాడు. ఒక్క వాక్యమే అని, జరిగిందంతా చెప్పాను. నాన్న మగ్గం మీద చేతులు అట్లాగే ఉంచి విన్నాడు. "అక్కకు సదువు రాదని నేను ఇన్నాళ్లూ జాలిపడితిని," అని మాత్రం అన్నాడు.

కొన్నేళ్లకు మిల్లు దుమ్ముకు అత్త ఊపిరితిత్తులు పాడైనాయి. ఆఖరి నెలలు మా ఇంట్లోనే ఉంది. వారం వారం ఆదోని నుంచి బస్సులో ఆ పక్కింటామె వచ్చేది. అత్త కాళ్లకు నూనె రాసేది, ఇద్దరూ ఏవో పాత సంగతులు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. అత్త పోయినరోజు సమాధి తోటలో మా వాళ్లు పాటలు పాడుతుంటే, ఆమె కొంచెం ఎడంగా నిలబడి చేతులు చాపి తన తీరులో దువా చేసింది. అందరూ పోయినాక ఆమెను బస్టాండుకు తీసుకుపోయి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి వచ్చాను.