హాజరు పిలుస్తున్న గది

నాది ఆటో. పోయిన ఏడాది ఒక ఉదయం కథలాపూర్ నుంచి మా ఊరి బడికి పుస్తకాల మూట తీసుకెళ్లాను. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, లోపలికి పోవాలంటే ఇప్పటికీ బెదురే.

వరండా ఎక్కేసరికి సార్ హాజరు పిలుస్తున్నారు. ఒక్కో పేరుకు ఒక్కో గొంతు, సన్నగా ఒకటి, బొంగురుగా ఒకటి, "ప్రెజెంట్ సార్" అంటోంది. పిల్లలంతా ప్రైవేటు బడి బస్సెక్కారని విన్నానే, ఎప్పుడు తిరిగొచ్చారు అనుకుంటూ తొంగి చూశాను.

గదిలో తొమ్మిదేళ్ల లావణ్య ఒక్కతే ఉంది. నా భుజం మీది మూట జారిపోయింది.

"ఏంది సార్, దయ్యాలకు సుత హాజరేస్తున్నరా?" అన్నాను.

సార్ నవ్వలేదు. "ఒక్క పేరే పిలిస్తే ఏడుస్తది. అందుకే బస్సెక్కి పోయినోళ్ల పేర్లు గూడ పిలుస్తున్న. వాళ్ల గొంతులతోని ఇదే పలుకుతది."

"గీడ గూసో మామా," అంది లావణ్య. "నీ పేరుకు నువ్వే పలుకు."

చిన్న బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. సార్ నా పేరు పిలిచారు. ఊరంతటినీ ఆటపట్టించే నేను, ఐదో తరగతి పిల్లాడిలా తల దించుకున్నాను. లావణ్యే అచ్చం నా గొంతుతో "ప్రెజెంట్ సార్" అంది.

ఈ ఏడాది ఆ పిల్లనూ బస్సెక్కించారు. బడికి తాళం పడింది. అటువైపు పోతే ఆటో ఆపను. ఆపితే లోపల నా గొంతు వినపడుతుందేమోనని భయం.