మా మామగారి హంసలు, వాటి పాలబువ్వ

మొన్న మా మనవడు సంత నుంచి రెండు పెద్దబాతు పిల్లల్నీ, వాటితో పాటు రంగురంగుల సంచిలో దాణానూ కొనుక్కొచ్చి, సంచి మీద అచ్చువేసింది నాకు చదివి వినిపించి, ఇది పెట్టాలా, గడ్డి పెట్టాలా అని అడిగాడు. నేను చాలాసేపు నవ్వాను. ఆ నవ్వు ఎందుకో వాడికి చెప్పినా ఎక్కదు, నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే ముందటి ఏడు నన్ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కాపురానికి పంపారు. నా పెనిమిటి హైదరాబాదులో చదువుకుంటున్నాడు కాబట్టి ఇంట్లో అత్తమ్మా, మామగారూ, నేనే. నేను వచ్చిన నెలలోనే మామగారు హైదరాబాదు నుంచి తెప్పించిన తెల్లటి పెద్దబాతులు కామారెడ్డిలో రైలు దిగి, ఎడ్లబండిలో నాకు వేసినదానికంటే మెత్తటి గడ్డి పరుపు మీద కూర్చుని వాకిట్లో దిగాయి. అవి బాతులు కావు, హంసలు అన్నాడు మామగారు. నాలుగు ఉర్దూ ముక్కలూ, కిర్రుచెప్పులూ తప్ప ఇంకేమీ లేని ఆ మనిషి ఒక మాట అంటే అది అక్కడికి శాసనం, ఎందుకంటే ఆయన చుట్టూ చేరేవాళ్ళకు ఆయన కంటే తక్కువ తెలుసు.

హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందని ఎవరో చెప్పగా విని, ఒకనాడు పళ్ళెంలో నీళ్ళపాలు పోసి పదిమందిని పిలిచి చూపించాడు. బాతు ముక్కు ముంచి, తల విదిలించి, ఆ పాలను ఆయన పంచె మీదే చిమ్మింది. "సూసిండ్రా? నీళ్ళు బయట పారేసింది!" అని ఆయన గర్వంగా అంటే, ఆ పదిమందీ తలలూపారు. ఆ తలలను తలచుకుంటే నాకు ఇప్పటికీ రోతే.

అప్పటినుంచి వాటికి చిక్కటి పాలూ, సన్నబియ్యపు అన్నమూ. మాకు జొన్న గట్క, మజ్జిగ. పాలు ఆడవాళ్ళకు వేడి చేస్తాయట. అత్తమ్మ పెంచుకునే మామూలు బాతులు తడిపిన తవుడు తిని, మడిలో నత్తలను ఏరుకుని నున్నగా ఉండేవి. వాటిని చూసి ఆయన మూతి తిప్పేవాడు. పెద్దబాతులేమో తడిక సందుల్లోంచి మెడలు చాచి, అవతలి గరికను అందినంత కొరుక్కునేవి. కళ్ళున్నవాళ్ళెవరికైనా అంతకంటే ఏం చెప్పాలి? అత్తమ్మ ఒక్కసారి చెప్పి చూసింది.

"అవ్వి గడ్డికి మెడలు సాపుతున్నయ్. జర బయటికి ఇడ్వుండ్రి."

"గడ్డి తినేది గొడ్డు. హంస గడ్డి తింటదా? నీ మొకం!"

ఎండలు ముదిరాక వాటి కాళ్ళు వంకరపోయాయి. పులిసిన పాలబువ్వకు విరేచనాలు పట్టుకుని, ఈకలు అట్టలు కట్టి, ఒకటి చచ్చిపోయింది. చచ్చినదాని ముందు నిలబడి ఆయన నావైపు వేలు చూపాడు. "గీ పిల్ల అడుగు వెట్టినకాన్నుంచే గిట్లయితాంది. ఇంకోటి సస్తే బండి గట్టి కామారెడ్డికి తోలుడే."

కాపురానికి వచ్చిన పిల్ల బాతు చచ్చిపోయినందుకు పుట్టింటికి తిరిగి వెళ్తే మా అమ్మ నలుగురికీ ఏం చెప్పుకుంటుంది? మూడోనాటి మధ్యాహ్నం ఆయన గురక మొదలుపెట్టగానే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి, తడిక తీసి పక్కన పెట్టింది. మిగిలిన పెద్దబాతులు దేకుతూ, పడుతూ లేస్తూ కాలువ గట్టు మీది పచ్చికలో పడి, కరువు తీరా మేశాయి.

"అత్తమ్మా, మామకు ఎరుకైతె?"

"గాలికి తడిక పడ్డది. నువ్వు సూడలే, నేను సూడలే. ఊకో బిడ్డా."

రోజూ మధ్యాహ్నం గాలి వీచింది. వానలు పడేనాటికి బాతులు లేచి, రెక్కలు చాచి, మనుషుల మీదికి ఉరికాయి. మామగారు అందరినీ పిలిచి, ఇన్నాళ్ళకు పాలు పనిచేశాయని చాటుకున్నాడు. ఆ ముక్క చచ్చేదాకా చెప్పాడు. యుద్ధపు రోజుల్లో ఊళ్ళో బియ్యం దొరక్క కూలివాళ్ళు ఆకులూ అలములూ ఉడకేసుకుంటుంటే, హంసలకు పాలబువ్వ తగ్గిస్తే ఊరుకోనని మమ్మల్ని బెదిరించాడు. అలాంటి మనిషికి ఎదురుపడి దండం పెట్టేవాళ్ళ మీద నాకు ఆయన మీద కంటే ఎక్కువ అసహ్యం.

బువ్వ తగ్గించలేదు. రోజూ వండాం. అత్తమ్మ అన్నాన్ని కొంగు కింద దాచి కూలివాళ్ళ పిల్లలకు పంపేది, పాల చెంబు కొట్టం తలుపు వెనక నా చేతిలో పెట్టేది. "తాగు. మీ మామ అడిగితే హంస తాగిందని చెప్త, అబద్ధం గాదు" అనేది. నేను తాగుతుంటే ఇద్దరికీ నవ్వు ఆగక, పాలు నా ముక్కులోంచి వచ్చేవి. నా పెనిమిటి చదువు ముగించి ఇంటికొచ్చాక పెద్ద కొడుకు నా కడుపున పడ్డది ఆ పాల బలంతోనే.

ఇప్పటి ఆడపిల్లలకు పాలు దొంగతనంగా తాగాల్సిన ఖర్మ లేదు, మగవాడు తెలివితక్కువ మాట అంటే మొహానే అనేస్తున్నారు, సంతోషమే. కానీ ఎవరి గదిలో వాళ్ళు తలుపులు వేసుకునే ఈ ఇళ్ళలో, అత్తా కోడలూ ఒకరి భుజం మీద ఒకరు పడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అంతగా నవ్వగా నేను మళ్ళీ వినలేదు.