అమ్మ ప్లీడరును వెతికిన రోజు

"ఆ ప్లీడరయ్యకి అబద్ధం చెప్పానే, మరియా."

"ఇంకా అదేనా? పడుకోమ్మా."

అమ్మ పోయేముందు ఆమే నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివే. నిన్న ఆమె ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండలతో పాటు పాత స్టాంపు కాగితాల వాసన గుప్పుమంది. అప్పటినుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. నా మొగుడు పోయినప్పుడు కూడా ఇంత తల్లడిల్లలేదు. అందుకే మా చెల్లెలి కూతురు సునీతను కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తొలకరి పడి, కారంపూడి దగ్గరి మా పల్లెంతా తడిమన్ను వాసనేసి, ఆరుద్ర పురుగుల కోసం పిల్లలం చేల వెంట పరుగెత్తే రోజులు. ఎండాకాలంలో నాన్న జ్వరంతో పోయాడు. మొదటి వానకే పెదనాన్న మా రెండెకరాల చేలో నాగలి పెట్టి, తమ్ముడు తనకు అమ్మేశాడని వేలిముద్ర ఉన్న కాగితం ఊరంతా చూపించాడు. ఆ చేను పోతే మాకు కూలే గతి.

అమ్మ జొన్నరొట్టెలూ కొత్తావకాయా మూటగట్టి, నా జడ బిగించి, నరసరావుపేట బస్సెక్కించింది. దిగీదిగగానే ప్లీడరు గుమాస్తాలు చుట్టుముట్టారు. ఒకడు మూట లాగుతాడు, ఒకడు నా చెయ్యి పట్టుకుంటాడు, ప్రతివాడూ "మా అయ్య దగ్గరికి రా, గెలిచినట్టే" అనేవాడే. అమ్మ వాళ్లను విదిలించుకుని, "గేదెనమ్మేవాడు పళ్లు చూపిస్తాడా ఏందే? మనమే నోరు తెరిచి చూడాల. లోపల నేనేం చెప్పినా నోరెత్తమాక" అంది.

ప్లీడరు గుమ్మం దాటగానే అమ్మ మా పెద్దమ్మ అయిపోయింది! "మా మరిది చేను మాకు అమ్మి చచ్చిపోయాడయ్యా. కాగితం ఉంది, రిజిస్టరు కాలేదు. ఇప్పుడా ముండమోపి దావా వేస్తానంటంది" అని, తనను తానే తిట్టుకుంటూ పెదనాన్న వైపు కేసు చెప్పింది. బీరువాల నిండా పుస్తకాలున్న మొదటాయన "నిశ్చింతగా ఉండు" అన్నాడు. వక్కలు కత్తిరిస్తున్న రెండో ఆయన కాగితం మాట అడగనైనా లేదు, "గెలిపిస్తా" అన్నాడు. రెండుచోట్లా అమ్మ లేచి వచ్చేసింది.

మూడో ఆయన పెంకుటింటి చావిట్లో కూర్చున్న బక్కమనిషి. చివరంటా విని, "ఓడిపోతావమ్మా. ఆ కాగితం చెల్లదు. ఆ పిల్లతల్లి చేను ఆమెకు ఇచ్చెయ్" అన్నాడు.

అమ్మ ఆయన కాళ్ల మీద పడింది. "నేనేనయ్యా ఆ పిల్లతల్లిని!"

నవ్వుతాడనుకున్నాను. మొహం గంటుపెట్టుకున్నాడు. "ఇంత నేర్పుగా అబద్ధమాడేదాన్ని బోనెక్కించి నేనేం చెయ్యను? వేరే ప్లీడర్ని చూసుకో."

"చదువు లేనిదాన్ని, మంచోణ్ణి ఇంకెట్టా కనుక్కోనయ్యా?" అని అమ్మ గడప దగ్గర కూలబడింది.

ఆయన నా వైపు తిరిగి, "మీ నాన్న వేలిముద్ర వేశాడా పాపా?" అన్నాడు. లేదని చెప్పమని అమ్మ కళ్లతో సైగ చేసింది. మొదటిసారి ఆమె మాట దాటాను.

"ఏశాడు. జ్వరంతో నాన్నకి ఒంటి మీద తెలివి లేదు. పెదనాన్నే చెయ్యి పట్టుకుని అద్దాడు."

అమ్మ నాకు తొడపాశం పెట్టింది. ఆయన మాత్రం అదంతా రాసుకుని, నాకు చదివి వినిపించి, తప్పుంటే చెప్పమన్నాడు. అంత పెద్దమనిషి! "ఏలికి పూసింది సిరా కాదయ్యా, దీపం మసి" అన్నాను. కొట్టేసి మళ్లీ రాశాడు. అప్పుడు మా కేసు పట్టడానికి వకాల్తా కాగితం తీసి అమ్మ ముందు పెట్టాడు.

మూడేళ్లు వాయిదాలకు తిరిగి చేను దక్కించుకున్నాం. అయినా అమ్మ ఆ గుమ్మం తొక్కినప్పుడల్లా తల దించుకునే ఉండేది. ఇప్పుడక్కడ పెంకుటిల్లు లేదు, ఫోన్ల కొట్టు ఉంది. మూటలు లాగే గుమాస్తాలూ లేరు. ఆ రోజు నేను చెప్పిన నిజం చేను నిలబెట్టింది గానీ, అమ్మను మరింత చిన్నబుచ్చిందేమో. ఆమె ఉండగా ఆ మాట ఒక్కసారీ అడగలేదు.

రాశావా సునీతా? నా మాటలు నువ్వేం బాగుచెయ్యలేదు కదా? ఏదీ, అమ్మ ఆయన కాళ్ల మీద పడ్డ కాడ్నుంచి ఒకసారి చదువు, ఇంటా.