దరుయి అంటే లాంగ్విడ్

2023లో సీతమ్మధారలో, ఒక మందుల షాపు మీది గదిలో జపనీస్ నేర్పేదాన్ని. ఇప్పటికీ అదే గది, అదే పని. జపాన్‌లోని వృద్ధాశ్రమాలకు కేర్‌గివర్లుగా, అంటే ముసలివాళ్ళ స్నానం, తిండి, నడక చూసుకోవడానికి వెళ్ళేవాళ్ళే నా విద్యార్థులు. వాళ్ళ కోసం మూడు వందల ఫ్లాష్ కార్డులు నా చేత్తోనే రాశాను. అట్టముక్కకి ఒకవైపు జపనీస్ మాట, రెండోవైపు ఇంగ్లీషు అర్థం. నేను ఇంగ్లీషులో నేర్చుకున్నాను కాబట్టి లోకమంతా అలాగే నేర్చుకోవాలని నా మంకుపట్టు. క్లాసులో తెలుగు వినపడితే ఒళ్ళు మండేది.

నూకరత్నం సబ్బవరం నుంచి ఆటోలో వచ్చేది. ముప్ఫై నాలుగేళ్ళు. మంచం పట్టిన అత్తకు ఆరేళ్ళు చేసింది, ఆవిడ పోయాక ఒక క్లినిక్‌లో ఆయాగా చేరింది. ఎందుకొచ్చావని మొదటి రోజు అడిగాను.

"ఇక్కడ ఆయా, ఇలా రా అంటారు మేడమ్. అక్కడ ఇదే పనికి పరీచ్చ ఎట్టి, పేరుతో పిలుత్తారంట. నాకూ ఓ పేరుంది కదా."

మాకు అవకాశమిచ్చిన ఆశ్రమంవాళ్ళు ముప్ఫై అయిదు నిండితే తీసుకోరు. అంటే ఆమెకున్నది ఒక్కటే ఇంటర్వ్యూ.

రెండో వారంలో 'దరుయి' కార్డు వచ్చింది. వెనక 'లాంగ్విడ్' అని రాసి ఉంది.

"లాంగ్విడ్ అంటే ఏటి మేడమ్?" అంది.

"ఇంగ్లీషులో అడుగు. ఇది క్లాసు, సంత కాదు" అన్నాను.

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ తర్వాత ఏ మాటకీ అర్థం అడగలేదు. కార్డులు మాత్రం బట్టీ కొట్టి, ప్రతి టెస్టులో నూటికి నూరు తెచ్చుకుంది. "నూకరత్నాన్ని చూసి సిగ్గు తెచ్చుకోండి" అని డిగ్రీ పిల్లల్ని దులిపేసేదాన్ని. నా గొప్పే చూసుకున్నాను గాని, ఆ నూరు మార్కుల వెనక ఏముందో ఒక్కసారీ చూడలేదు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. అందులో రోల్ ప్లే ఉంటుంది. అవతలివాళ్ళు రోగిలా నటిస్తారు, మనం ఆ రోగిని చూసుకోవాలి. ఆశ్రమం పెద్దావిడ ముఖం వేలాడేసి, "ఆషి గ దరుయి" అంది. ఆషి అంటే కాళ్ళు.

నూకరత్నం నిటారుగా కూర్చుని, "లెగ్స్, లాంగ్విడ్!" అంది.

ఆవిడ మళ్ళీ అంది. ఈమె ఇంకా గట్టిగా అదే అప్పజెప్పింది. పక్కనే ఉన్న నేను నోరు విప్పకూడదు. మాట వినగానే అర్థం చెప్పడం తప్ప నేనేం నేర్పాను గనక! పది నిమిషాల్లో అయిపోయింది.

"బాగా సెప్పీసాను కదా మేడమ్?"

ఆ గదిలో మొదటిసారి ఒక మాటకి అర్థం తెలుగులో అడిగాను. "లాంగ్విడ్ అంటే ఏమిటి నూకరత్నం?"

"తెలీదు మేడమ్. మీరెప్పుడూ అడగనేదు కదా."

"కాళ్ళు పీకుతున్నాయంటాం చూడు, అది."

"ఓలమ్మో! కాళ్ళు పీకడమా? మా అత్త ఆరేళ్ళూ అదే మాట! ఏడినీళ్ళ గుడ్డ సుట్టి, మడం కాడ్నించి పైకి నొక్కీదాన్ని. ఆవిడికీ అదే సెప్పీదాన్ని కదా మేడమ్!" నవ్వుతూనే ఏడ్చేసింది.

సాయంత్రానికి వద్దని కబురొచ్చింది. ఇంటికెళ్ళి కార్డులు తిరగేశాను. జుకిజుకి అంటే సలుపు, షిబిరేరు అంటే తిమ్మిరి. అత్త నోట ఆమె రోజూ విన్న బాధలే అన్నీ. వాటి మీద నా ఇంగ్లీషు మూత పెట్టాను.

నెల తర్వాత, బట్టీకని పట్టుకెళ్ళిన కొన్ని కార్డులు తిరిగివ్వడానికి నూకరత్నం వచ్చింది. పొద్దుటి నుంచి నిలబడి పాఠం చెప్పి, పిక్కలు పట్టుకుని కూర్చున్నాను.

"ఆషి గ దరుయి దెసు క?" అంది.

నేను జవాబు చెప్పేలోపే కింద కూర్చుని, మడమ దగ్గర్నుంచి పైకి నొక్కడం మొదలుపెట్టింది. వద్దంటే వినలేదు. ఆ జపాన్ ఆవిడ చూడాలనుకున్నది ఇదే. నాకు దుఃఖం ఆగలేదు.

ఇప్పుడు కార్డు చూపించి అర్థం అడగను. "మీ అమ్మ ఈ మాటంటే ఏం చేస్తావ్?" అని తెలుగులోనే అడుగుతాను. ఆ ప్రశ్న నాకు నేర్పిన మనిషికి ముప్ఫై అయిదు నిండాయి. క్లినిక్‌లో ఆమెను ఇంకా ఆయా అనే పిలుస్తున్నారు.