రంగు లేనివాడి తురుపు

తురుపు అంటే అందరూ బలమనుకుంటారు. "వాడి దగ్గర తురుపు ముక్క ఉందిలే" అంటారు, ఇక వాడికి తిరుగే లేదన్నట్టు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. పేకాడినవాళ్ల మాట కాదది. ఎదుటివాడు వేసిన రంగు మన చేతిలో ఉంటే అదే వెయ్యాలి. ఆ రంగులో ఒక్క ముక్కా లేనప్పుడే తురుపు వెయ్యాలి. "ఏటీ లేనోడి ఆసరాయే తురుపంటే" అని నాకు నేర్పింది మా నాన్న.

తొంభైల్లో నాన్న ఢిల్లీ కంటోన్మెంటులో మిలిటరీ డ్రైవరు. మాది శ్రీకాకుళం వైపు. ఆదివారం మధ్యాహ్నాలు మా వైపువారే అయిన సుబేదారు గారి క్వార్టర్లో నలుగురు చేరి, ఇద్దరిద్దరు జట్లుగా తురుపాట ఆడేవారు. నాన్నకి బండి డ్యూటీ వేసేది కూడా ఆ సుబేదారు గారే. నేను నాన్న పక్కన కూర్చుని ఆయన ముక్కల్ని రంగులవారీగా సర్దేదాన్ని. కూతురికి ఆట నేర్పుతున్నాడని అందరూ మురిసిపోయేవారు.

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. నాన్న చూపు మసకబారింది. రెండూ నల్లవే కావడంతో ఇస్పేటుకీ కళావరుకీ తేడా తెలియడం లేదు. "ఎవరితోటీ అనకే. తెలిస్తే బండి మీంచి దింపేస్తారు" అన్నాడు. ఆయన లారీ తీసుకుని ఘాజియాబాద్ వెళ్లిన రోజున, తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. అయినా నోరు మెదపలేదు. పదకొండేళ్లదాన్ని, ఎంత భయపడ్డానో!

ఒక ఆదివారం సరిగ్గా ముక్కలు పంచే వేళకి, పకోడీల పళ్లెం అందుకోమని సుబేదారు గారి భార్య నన్ను వంటింట్లోకి పిలిచింది. నేను వచ్చేసరికి ఆట మొదలైపోయింది. ఆఠీను తురుపు. సుబేదారు గారు కళావరు రాజు వేస్తే, నాన్న ఆఠీను రెండు వేసి పట్టు లాక్కున్నాడు. ఆయన చేతిలోకి తొంగిచూశాను. ఇస్పేట్ల మధ్య కళావరు ఏడు! నేను చెప్పే దారి వెతుక్కునేలోపే, దాన్ని ఇస్పేటనుకుని తర్వాతి ముక్కగా కింద వేసేశాడు.

"ఏటోయ్ ఇది? కళావరెట్టుకుని తురుపేసినావేటి? దొంగాటా?" అన్నారు సుబేదారు గారు.

నాన్న నవ్వాడు. "దొరికిపోనాను సాబ్. ఆశపడ్డాను."

"ఇన్నాళ్లూ గెలిసిందంతా ఇలాగేనేటి? ఛీ!"

నాన్న తలొంచుకున్నాడు. రేషన్ లారీలోంచి ఒక్క ఉల్లిపాయైనా ఇంటికి తేని మనిషి.

"మా నాన్న దొంగ కాదు! కనపడలేదంతే! ముక్కలెప్పుడూ నేనే సర్దుతాను!"

సుబేదారు గారు ఒక ముక్క తీసి నాన్న ముందు ఎత్తి పట్టుకున్నారు. "ఇదేటో సెప్పు" అన్నారు. నాన్న చాలాసేపు చూశాడు. చెప్పలేకపోయాడు.

"రేపు బండి తియ్యకు. హాస్పిటల్‌కి నేనూ వస్తాను" అన్నారాయన, కోపం లేకుండానే.

మెట్లు దిగేటప్పుడు నాన్న నా భుజం పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"దొంగంటే పడుందును కదే గుంటా" అన్నాడు.

ఇంకా ఆరు మెట్లున్నాయి. ఒక్కోటీ చెబుతూ దింపాను.